కాలేజీలు తెరిచేలోగా స్క్విడ్ రూల్స్ పై నుంచి కిందకి చదవండి

గుంటూరు బ్రాడీపేటలో ఒక శిక్షణ సంస్థకి పోయిన వారం నెట్ ఆగిపోయింది. కేబుల్ తెగలేదు. వాళ్ల ఐపీ నుంచి స్పామ్ మెయిల్స్ పోతున్నాయని ప్రొవైడరే లైను ఆపేశాడు. అసలే అడ్మిషన్ల సమయం, కౌంటర్ ముందు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. వాళ్ల నెట్ అంతా స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ మీదుగా పోతుంది. దాని యాక్సెస్ లాగ్ తెరిస్తే ఎక్కడెక్కడివో ఐపీలు వరసగా 'కనెక్ట్' (ఫలానా సర్వర్‌కి నేరుగా దారి ఇవ్వు) అని అడిగాయి, అన్నిటి చివరా మెయిల్ పంపే పోర్టు 25, అన్నిటికీ జవాబు 200, అంటే సరే. అంటే ఊరూ పేరూ తెలియనివాళ్లకి వాళ్ల ప్రాక్సీ కాదనకుండా దారి ఇచ్చింది. కాన్ఫిగ్‌లో కారణం ఒక్కటే లైను: 'అలౌ ఆల్', అదీ అన్నిటికన్నా పైన.

క్యాష్ సైజు, పాస్‌వర్డులు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. రూల్స్ రాసే వరస గురించే చెప్తాను, ఎందుకంటే విజయవాడలో అయినా గుంటూరులో అయినా నేను చూసిన కొంపలు మునిగింది దీనితోనే.

స్క్విడ్ యాక్సెస్ రూల్స్‌ని పై నుంచి చదువుతుంది, మొదట ఏ లైను సరిపోతే దాంతో ఆగిపోతుంది, కింద ఏం రాసినా చూడదు. ఫైల్‌తో పాటు వచ్చే మొదటి రెండు లైన్లే కాపలా: ఒకటి సేఫ్ పోర్ట్స్ (ఫైల్లో సరేనని రాసిన పోర్టుల జాబితా) కానివాటిని ఆపుతుంది, రెండోది హెచ్‌టీటీపీఎస్ పోర్టు 443 కాని పోర్టుకి కనెక్ట్ అడిగితే ఆపుతుంది. మీ 'అలౌ' వాటి పైకెక్కితే ఆ రెండూ ఉన్నా లేనట్టే. మీ రూల్స్ ఇక్కడ రాసుకోండి అని ఫైల్లోనే కామెంట్ ఉంటుంది, ఆ చోటు ఈ కాపలా లైన్ల కిందే.

ఈ తప్పు నిర్లక్ష్యంతో జరగదు, టెన్షన్‌లో జరుగుతుంది. ఆఫీసుకి, ల్యాబ్‌కి నెట్ ఇవ్వాలని 'అలౌ ఆఫీసు ల్యాబ్' అని ఒకే లైనులో రాస్తారు. ఒకే లైనులో రెండు పేర్లుంటే రెండూ ఒకేసారి నిజం కావాలి, ఆఫీసు సిస్టమ్ ల్యాబ్ రేంజ్‌లో ఉండదు కదా, కాబట్టి ఎవరికీ రాదు. ప్రిన్సిపాల్ గారు ఫోన్ మీద ఫోన్. చివరికి 'ప్రస్తుతానికి' అని పైన అలౌ ఆల్ పెడతారు, అందరికీ నెట్ వస్తుంది, ఇక ఆ లైను ఎవరికీ గుర్తుండదు. ఆఫీసుకి ఒక లైను, ల్యాబ్‌కి ఒక లైను వేరుగా రాసి ఉంటే అయిపోయేది.

చివరి లైను 'డినై ఆల్' ఉండాలి. ఏ రూలూ సరిపోకపోతే స్క్విడ్ చివరి లైనుకి వ్యతిరేకంగా చేస్తుంది. అంటే చివర ఏదో ఒక సైట్‌ని ఆపే డినై పెట్టి వదిలేస్తే మిగతా ప్రపంచమంతటికీ అలౌ అన్నట్టే.

లోకల్‌నెట్ అని ముందే రాసి ఉన్నదాంట్లో ప్రైవేట్ రేంజ్‌లన్నీ ఉంటాయి, మీ ల్యాబ్ రేంజ్ మాత్రం ఉంచి మిగతావి తీసేయండి.

స్క్విడ్ వినే పోర్టు 3128 అని ఊరికే రాస్తే లోపలి, బయటి అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా వింటుంది. ముందు లోపలి ఐపీ రాయండి. ఫైర్‌వాల్‌లో కూడా బయటి వైపు మూసేయండి.

హెచ్‌టీటీపీఎస్ సైట్లని యూఆర్ఎల్‌లో మాట వెతికి ఆపలేరు, మామూలుగా ప్రాక్సీకి కనిపించేది సైట్ పేరు, పోర్టు, అంతే. డొమైన్ పేరుతో ఆపండి, ముందు చుక్క పెట్టండి, లేకపోతే సబ్‌డొమైన్లు తప్పించుకుంటాయి.

మార్చే ముందు ఫైల్ కాపీ తీయండి.

రీకాన్ఫిగర్ (మార్చిన ఫైల్‌ని అమలు చేసే కమాండ్) కొట్టే ముందు పార్స్ (ఫైల్‌ని సరిచూసే కమాండ్) కొట్టండి. పార్స్ అక్షర దోషాలే పట్టుకుంటుంది, వరస తప్పితే నోరెత్తదు. వరస మీరే చదవాలి, పై నుంచి.

ల్యాబ్ సిస్టమ్ నుంచి ఆపిన సైట్ తెరవండి, లాగ్‌లో డినైడ్ 403 కనిపించాలి. తర్వాత మొబైల్ డేటా మీద ల్యాప్‌టాప్ పెట్టి బయటి ఐపీతో ప్రాక్సీ వాడి చూడండి. ఒక్క పేజీ వచ్చినా వైరు పీకేయండి, తర్వాత వెతుక్కోవచ్చు.

లాగ్స్ 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. పాత లాగ్స్ తీసేసే మీ లాగ్‌రొటేట్ ప్రోగ్రామ్ ఎన్ని రోజులు ఉంచుతోందో ఈరోజే చూడండి.

టెస్టింగ్‌కి కూడా పైన అలౌ ఆల్ వద్దు. ఐదు నిమిషాలకి కూడా వద్దు. మీ ఒక్క సిస్టమ్ ఐపీకి అలౌ ఇవ్వండి, అదీ కాపలా లైన్ల కిందే, పని అయిన వెంటనే తీసేసి మళ్లీ రీకాన్ఫిగర్ కొట్టండి.