సాతపడాలో డాల్ఫిన్ చూపించడం, లెక్క రాయడం: కొత్తగా పడవ పట్టినవాళ్లకి

ఒడిశాలో చిలిక సరస్సు ఒడ్డున ఉన్న మా సాతపడా జెట్టీ దగ్గర టూరిస్టు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "దూకుతుందా?"

దూకదని బేరం కుదరకముందే చెప్పేయండి. చిలికలో ఉన్నది ఇరావతి డాల్ఫిన్. టీవీలో చూసేవాటిలా పొడుగు మూతి ఉండదు. గుండ్రటి తల, బూడిద రంగు ఒళ్లు, వీపు మీద చిన్న రెక్క. పైకొచ్చి ఫుస్సుమని ఊపిరి వదిలి, ఒక్క చుక్క చిందకుండా మునిగిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పని సరంగు, తర్వాత వాళ్ల కేకలకి లొంగి దాని వెంటపడి తరుముతాడు. నేనూ తరిమినవాణ్ణే.

నాది పూరీ పెంటకోట. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మూడు చలికాలాలు డాల్ఫిన్లని లెక్కపెట్టే జట్టు పడవలో గెడ వేశాను. ఇప్పుడు సాతపడాలో మా బావతో కలిసి ఒక పడవలో వాటా ఉంది. ఆ జట్టు నేర్పింది కొంత, టూరిస్టులు నేర్పింది కొంత.

తెలుగువాళ్లు ఎక్కితే ఒక ముక్క చెప్పండి. పేరు బర్మా నదిదే గానీ, ఈ జాతిని శాస్త్రవేత్తలు మొదట గుర్తించింది విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన డాల్ఫిన్‌ని బట్టి. 1866లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషాయన దాని గురించి రాశాడు. "మన వైజాగ్‌దా!" అంటారు. దూకదన్న బాధ సగం అక్కడే తీరుతుంది.

పొద్దున్నే బయల్దేరండి. ఎండెక్కాక గాలి లేస్తుంది, అలల మీద తెల్లటి నురగ కనబడుతుంది. ఆ నురగలో రెక్కేదో అలేదో మా బావకే తెలియదు, ఇక టూరిస్టుకేం తెలుస్తుంది. నురగ లేచిన తర్వాత లెక్క రాయకండి, రాసినా పనికిరాదు.

దూరం కొలవడానికి మీటర్లక్కర్లేదు. మా పడవ ముప్పై అడుగులు. డాల్ఫిన్‌కీ మనకీ మధ్య పన్నెండు పడవలు పట్టేంత దూరంలోనే ఇంజను నెమ్మది చెయ్యాలి. ఆరు పడవల దూరంలో ఆపెయ్యాలి. ఎదురుగా వెళ్లొద్దు, వెనకపడొద్దు, పక్క నుంచి వెళ్లాలి. కదలాల్సొస్తే గెడ ఉండనే ఉంది, చిలిక చాలాచోట్ల రెండు మీటర్ల లోతు కూడా ఉండదు. అంత తక్కువ నీళ్లలో డాల్ఫిన్ ఇంజను పంకా నుంచి తప్పించుకోవడానికి కిందికి పోయే చోటేదీ? తల్లి పక్కన పిల్ల కనిపిస్తే అక్కడ ఆగకుండా పక్కకి తప్పుకోండి. పద్నాలుగు నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది. చిలిక మొత్తం వెతికినా 200 డాల్ఫిన్లు లేవు.

ఇంజను ఆపాకే అసలు పని. మొదటి ఏడాది ఒక గుంపుని చూసి నేను "ఏడు" అని అరిచాను. జట్టులోని అక్క ఏమీ అనలేదు, పది నిమిషాలు ఊరికే చూడమంది. చూస్తే అవి నాలుగే. అన్నీ ఒకేసారి పైకి రావు. ఇక్కడ మునిగింది ఒకటి రెండు నిమిషాలకి అక్కడ తేలుతుంది, మనం దాన్ని రెండోది అనుకుంటాం. అందుకే ఒక్క అంకె రాయకూడదు, మూడు రాయాలి: ఖాయంగా ఇన్ని, మహా అయితే ఇన్ని, నా అంచనా ఇన్ని. పిల్లల్ని విడిగా రాయాలి. పక్కన టైము, గాలి, దగ్గర్లో వల ఉందా లేదా. చోటు కోసం ఫోన్లో మ్యాప్ తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకుంటే చాలు.

కనబడని రోజు కూడా రాయండి. దీనికి నేనూ నవ్వాను, సున్నా రాయడమేంటని. అక్క నన్నే అడిగింది: "నువ్వు పది రోజులు తిరిగి రెండు రోజులే చూశావు. మీ బావ రెండు రోజులే తిరిగి రెండు రోజులూ చూశాడు. పుస్తకంలో ఇద్దరికీ రెండే ఉంటే, ఎవరి చోట డాల్ఫిన్లు ఎక్కువ?" నాకు నోట మాట రాలేదు. ఎన్ని గంటలు తిరిగామో లేకుండా ఎన్ని చూశామో రాస్తే ఉపయోగం లేదు.

ఫొటో తీస్తే తలది కాదు, వీపు రెక్కది తీయాలి. సూర్యుడు మన వెనక, రెక్క అడ్డంగా. రెక్క అంచున గాట్లు, మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, వాటిని బట్టే ఆనవాలు పడతారు. ఫోను కెమెరాకి ఇది దాదాపు అందదు. మంచి కెమెరా ఉన్న బెంగాలీ బాబులు ఎవరో ఒకరు ఎక్కుతారు, అడిగితే సంతోషంగా పంపుతారు.

చచ్చినది తేలితే ముట్టుకోకండి, ఒడ్డుకి లాగకండి. పులికున్న చట్టమే దీనికీ ఉంది. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి, అటవీశాఖకి ఫోన్ చెయ్యండి. వలలో చిక్కి చచ్చిందని తెలిస్తే మనవాళ్లని పట్టుకుపోతారేమో అని దాచేవాళ్లున్నారు. ఆ భయం నాకూ తెలుసు, మా అయ్యా వల వేసినవాడే. కానీ దాస్తే ఏ వల, ఏ చోటు, ఏ నెల అన్నది ఎవరికీ తెలియదు.

ఇక డబ్బు. తరిమిన ట్రిప్పుకి మా ఇంజను రెండు లీటర్లు ఎక్కువ తాగేది. ఇప్పుడది మిగులుతోంది. డాల్ఫిన్ ఒక్కదాని మీదే బేరం కట్టకండి. సముద్రపు ముఖద్వారం దగ్గర ఎర్ర పీతలు, చలికాలంలో పక్షులు కూడా ట్రిప్పులో భాగమే. ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం చూపించే బేరగాళ్ల దగ్గర మాత్రం ఆపకండి, మోసపోయిన టూరిస్టు తిట్టేది పడవవాణ్ణే. వానాకాలం జనం రారు. అప్పుడు మళ్లీ వలే దిక్కు, ఆ నెలల ఖర్చుకి జనవరి నుంచే కొంత పక్కన పెట్టండి.

పుస్తకంలో పెన్నుతో రాయకండి, తడిస్తే సిరా కారిపోతుంది. పెన్సిలే మేలు. రెండు తెచ్చుకోండి, మొదటిది నీళ్లలో పడుతుంది.