అఫీషియల్ మోడ్ సపోర్ట్ వస్తోందా? ముందు మీ ప్యాక్‌ని భద్రం చేసుకోండి

మేం ఆడే ఆటకి కంపెనీవాళ్లే మోడ్ సపోర్ట్ (మోడ్ అంటే ఆటగాళ్లే తయారుచేసి ఆటలో చేర్చుకునే మార్పు) ఇస్తున్నారని తెలిసిన సాయంత్రం మా గ్రూపులో అందరూ గంతులేశారు. నాకు మాత్రం టెన్షన్ మొదలైంది. "ఏమబ్బా, మంచి వార్తే కదా, నీకేమైంది?" అన్నాడు మా తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే ఫ్రెండు. మంచి వార్తే, ఒక్కో మోడ్‌ని విడిగా చూస్తే. నూటనలభై మోడ్‌లు ఏరి, ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా సర్ది పెట్టుకున్న ప్యాక్‌కి మాత్రం ఆ వార్త ముందు గండంగానే వస్తుంది. మేలు తర్వాతెప్పుడో.

ఎందుకంటే అఫీషియల్ సపోర్ట్ అప్‌డేట్ రూపంలో వస్తుంది. పెద్ద ప్యాక్‌లు చాలావరకు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ లాంటి సాధనం మీద నిలబడి ఉంటాయి. ఆట ప్రోగ్రాములో ఏ పని ఏ చిరునామాలో ఉందో ముందే కనిపెట్టి, అక్కడ చెయ్యి పెట్టి పని చేయించుకునే సాధనం అది. అప్‌డేట్‌తో ఆ చిరునామాలు జరుగుతాయి. ఎక్స్‌టెండర్ ఆగిపోతే దాని మీదున్నవన్నీ ఆగిపోతాయి. నూటనలభైలో ముప్ఫై పోతే మిగతా నూటపది ఆడుకోవచ్చులే అనుకోకండి. ఆ ముప్ఫై మీద ఆధారపడ్డవి ఇంకెన్నో ఉంటాయి.

ఇది మాకు 2021లో అనుభవమైంది. ఆ ఏడాది నవంబరు 11న మేం ఆడే స్కైరిమ్ ఆటకి యానివర్సరీ ఎడిషన్ వచ్చింది. ఆటని కొత్త కంపైలర్‌తో (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చే సాధనం) మళ్లీ తయారుచేశారు కాబట్టి చిరునామాలన్నీ మారిపోయాయి, ఎక్స్‌టెండర్ ప్లగిన్లు ఒక్కటొక్కటిగా మళ్లీ తయారు కావాల్సి వచ్చింది. మా కంప్యూటర్లలో ఆట రాత్రికి రాత్రి తనంతట తానే అప్‌డేట్ అయింది. పాత వర్షన్ 1.5.97కి వెనక్కి వెళ్దామని తంటాలు పడుతుండగానే, వారం తిరిగేసరికి తిరుపతిలో ఆ వరద. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు, కరెంటు లేదు, నెట్ లేదు. అన్నీ సర్దుకుని ఆట మళ్లీ తెరిచేసరికి డిసెంబరు సగం అయింది. కాపీ ఒక్కటి పక్కన పెట్టుకుని ఉంటే అరగంట పని.

కాబట్టి మొదటి జాగ్రత్త అదే. ఆటలు కొని నడుపుకునే స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఆట తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ అయ్యేలా మార్చండి. అప్‌డేట్‌ని పూర్తిగా ఆపే మీట స్టీమ్‌లో లేదు, పొరపాటున ప్లే నొక్కితే అయిపోయినట్టే. అందుకే ఆట ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచే సేవ్ ఫైళ్లు ఆ ఫోల్డర్లో ఉంటాయనుకుని చాలామంది మోసపోతారు. స్కైరిమ్‌వి డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ కింద, స్టార్‌డ్యూ వ్యాలీ ఆటవి యాప్‌డేటా కింద ఉంటాయి. వాటినీ విడిగా తీసిపెట్టుకోండి. గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆటైతే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకుంటే సరి.

రెండోది కాస్త ఓపికతో చేయాల్సింది. ప్యాక్‌లోని మోడ్‌లన్నిటినీ రెండు కుప్పలుగా విడదీయండి. బొమ్మలు, మాటలు, ధరలు, వస్తువుల వివరాలు మార్చేవి ఒక కుప్ప. ఆట కోడ్‌లోకి చెయ్యి పెట్టేవి ఇంకో కుప్ప. 2024 మార్చి 19న స్టార్‌డ్యూ వ్యాలీ 1.6 వచ్చినప్పుడు ఈ తేడా కళ్లకు కట్టింది. ఆ అప్‌డేట్ మోడ్‌లు చేసేవాళ్ల సౌకర్యం కోసం లోపల ఎన్నో మార్చింది, ఏమేం మారుతుందో ముందే చెప్పింది కూడా. కోడ్ రాయకుండానే ఆటలోని బొమ్మలు, మాటలు మార్చనిచ్చే కంటెంట్ ప్యాచర్ మీద నడిచే చిన్న ప్యాక్‌లు చాలావరకు బయటపడ్డాయి. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసి చేసినవాటిలో ఎన్నో కొత్త వర్షన్ వచ్చేదాకా మూలన కూర్చున్నాయి. అంత ముందుచూపుతో చేసినచోటే అలా ఉంటే, చెప్పాపెట్టకుండా వచ్చే అప్‌డేట్ సంగతి ఊహించుకోండి. రెండో కుప్పలోని ప్రతి మోడ్ పక్కనా ఒక్క ముక్క రాసుకోండి: చేసిన మనిషి ఇంకా అందుబాటులో ఉన్నాడా? రెండేళ్లుగా ఏ కదలికా లేని మోడ్ అయితే, దాని పని ఇంకెవరైనా చేస్తున్నారేమో ఇప్పుడే వెతకండి.

ఇక అఫీషియల్ దారి సంగతి. అలిపిరి తనిఖీ దగ్గర సంచులు స్కాన్ చేసి కొన్ని వస్తువులు పైకి పోనివ్వరు కదా, ఆటలో కంపెనీ పెట్టే మోడ్ మేనేజరూ అలాంటిదే. 2024 సెప్టెంబరు 5న బాల్డర్స్ గేట్ 3కి ఏడో ప్యాచ్‌తో (అప్‌డేట్) మోడ్‌లు తయారుచేసే సొంత టూల్‌కిట్, ఆటలోనే వాటిని ఎక్కించే మోడ్ మేనేజర్ వచ్చాయి. కొన్నాళ్లకు ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ వాళ్లకీ మోడ్‌లు అందాయి, అది నిజంగా గొప్ప మేలు. కానీ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ కావాల్సినవి ఆ దారిలో వెళ్లవు. కంపెనీ టూల్‌కిట్‌లో కొన్ని తలుపులు మూసిపెడితే, కొద్దిరోజుల్లోనే జనం వాటిని తెరిచేశారనుకోండి, అది వేరే ముచ్చట. చెప్పొచ్చేదేమంటే, మీ ప్యాక్‌ మొత్తాన్ని ఒక్కసారిగా అఫీషియల్ దారిలోకి మార్చేయకండి. సగం అక్కడినుంచి, సగం ఇక్కడినుంచి తెచ్చి కలిపితే ఒకే మోడ్ రెండుసార్లు పడే ప్రమాదముంది. ఒక్కో మోడ్ ఏ దారిలో వచ్చిందో పట్టికలో రాసుకోండి. ఘాట్ రోడ్డు వేశాక కూడా మెట్లదారి మూతపడలేదు. ఇక్కడా రెండు దారులూ కొన్నాళ్లు పక్కపక్కనే నడుస్తాయి.

అనుమతుల విషయంలో మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. ఇతరుల మోడ్ ఫైళ్లన్నీ ఒకే జిప్పులో కట్టి డ్రైవ్‌లో పెట్టి పంచే అలవాటు మనకి బాగా ఉంది. మేమూ మొదట్లో అదే చేశాం, సిగ్గుపడాల్సిన పనే. అఫీషియల్ దారి వచ్చిందంటే దాని వెనక డబ్బు కూడా రావచ్చు, అప్పుడు ఎవరిది ఏదన్న లెక్కలు తేలుతాయి. 2015 ఏప్రిల్ 23న స్కైరిమ్‌కి స్టీమ్‌లో డబ్బులిచ్చి కొనే మోడ్‌లు పెట్టారు. అందులో చేపలు పట్టే మోడ్ ఒకటి ఇంకొకరు చేసిన యానిమేషన్ పనిమీద ఆధారపడిందని గొడవై, దాన్ని తీసేయాల్సి వచ్చింది. జనం మండిపడటంతో నాలుగు రోజుల్లో, 27న, ఆ పథకాన్నే ఎత్తేశారు. పంచాల్సింది ఫైళ్లు కాదు, జాబితా. నెక్సస్ అనే మోడ్‌ల సైటులోని కలెక్షన్లు, మైన్‌క్రాఫ్ట్ ఆట ప్యాక్‌లు ఇలాగే నడుస్తాయి: ఏ మోడ్, ఏ వర్షన్ అన్నది జాబితాలో ఉంటుంది, ఫైలు మాత్రం చేసినవాళ్ల పేజీ నుంచే దిగుతుంది. జాబితాకి కుదరక ఫైలు పెట్టాల్సి వస్తే, చేసినవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి.

అప్‌డేట్ వచ్చిన రోజు ఏం చేయాలంటారా? ఏమీ చేయకండి. కనీసం రెండు వారాలు ఆగండి. తర్వాత కొత్త ప్రొఫైల్ తెరిచి, మోడ్‌లు లేకుండా ఆట నడుస్తోందో లేదో చూసి, పదేసి చొప్పున చేర్చుకుంటూ రండి. పాత సేవ్‌ని కొత్త ప్యాక్‌తో తెరవొద్దు. మధ్యలో ఒక మోడ్ మాయమైన సేవ్ తెరుచుకున్నట్టే ఉండి, పది గంటలు ఆడాక పగిలిపోవచ్చు. పాత సేవ్‌ని పాత కాపీలోనే ముగించుకోండి.

మీ ప్యాక్ వాడేవాళ్లకి కూడా ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి, ఆట వర్షన్ నంబరు పైన పెద్దగా రాసి. మేం నిన్న పెట్టాం. పది నిమిషాల్లో తిరుచానూరు నుంచి ఒకడు ఫోన్ చేశాడు: "అన్నా, నేను పొద్దున్నే ప్లే నొక్కేశా, ఇప్పుడెట్లా?" ఆదివారం పెన్‌డ్రైవ్ పట్టుకుని రమ్మన్నాను.