కగావాలో ఉడాన్ తినేటప్పుడు పులుసు వేరుగా అడగండి

జపాన్‌లో షికోకు దీవి వైపు వెళ్లే ముస్లిం ప్రయాణికులకు ఒక చిట్కా. ఆ దీవిలోని కగావాలో ఎక్కడ చూసినా సానుకి ఉడాన్ అనే లావుపాటి నూడుల్స్ దుకాణాలే. నూడుల్స్‌లో ఉండేది గోధుమపిండి, నీళ్లు, ఉప్పు మాత్రమే. ఇక్కడి పులుసుకు ఎండు చేపలే ఆధారం కాబట్టి పంది మాంసం లేకపోతే చాలనుకుంటారు. చిక్కంతా మిరిన్ అనే తియ్యటి బియ్యపు వంట మద్యంతో వస్తుంది. అసలైన మిరిన్‌లో 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది, దాన్ని పులుసులోనూ ముంచుకునే సాస్‌లోనూ కలుపుతారు. మరిగితే పోతుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అది మీ ఇష్టం.

వద్దనుకుంటే "కాకె" అడగకండి, అందులో పులుసు పోసే ఇస్తారు. "కమాఅగె" అడగండి. నూడుల్స్ ఉడికించిన వేడినీళ్లలోనే వస్తాయి, సాస్ వేరే గిన్నెలో ఉంటుంది. దాన్ని పక్కన పెట్టేసి, దుకాణంవాళ్లను అడిగి మీ హలాల్ సోయా సాస్ వేసుకోండి. చిన్న ప్యాకెట్లు ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు, ఎందుకంటే బల్లమీది సోయా సాస్‌లో కూడా నిల్వ కోసం ఆల్కహాల్ కలిపి ఉండొచ్చు. సీసా మీద "షుసే" అని ఉంటే అదే. పైన అల్లం తురుము, ఉల్లికాడలు చాలు, రుచి ఏమీ తగ్గదు.

టెంపురా (పిండిలో ముంచి వేయించినవి) జోలికి పోకండి. ఒకే నూనెలో అన్నీ వేయిస్తారు. ఊరికే చల్లుకోమని పెట్టే కరకరలాడే పలుకులూ ఆ నూనెలోవే. "చికువా" అనే చేప గొట్టాల్లోనూ తరచూ మిరిన్ ఉంటుంది.

అడగాల్సిన మాట: "మిరిన్ హైత్తె ఇమాసు కా?" (ఇందులో మిరిన్ ఉందా?) మధ్యాహ్నం దాటితే నూడుల్స్ అయిపోయి మూసేసే దుకాణాలు చాలా ఉన్నాయి, పొద్దున్నే వెళ్లండి.