లినక్స్ బూట్ కాకపోతే, 3వ పాఠం: గ్రబ్ మెనూ దాటాక ఆగిపోతే

పోయిన పాఠంలో గ్రబ్ (లినక్స్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్) కనబడకుండానే ఆగిపోయే సిస్టమ్‌లను చూశాం. ఈసారి మెనూ వచ్చింది, ఎంటర్ కొట్టారు, తెర నల్లగా ఉండిపోయింది. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెడతారు. దయచేసి ఆగండి. మెనూ వచ్చిందంటే డిస్క్ దొరికింది, బూట్‌లోడర్ పనిచేస్తోంది. అసలు కారణం తెలియకుండా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలాసార్లు అదే నల్ల తెర ఎదురవుతుంది.

కెర్నెల్, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, తన పని చేస్తూ అన్నీ చెబుతూనే ఉంటుంది. ఉబుంటు లాంటి వాటిలో ఆ మాటలు మన కంట పడకుండా చేసేవి 'క్వైట్' (quiet), 'స్ప్లాష్' (splash) అనే రెండు పదాలు. ముందు వాటిని తీసేద్దాం.

మెనూలో మీ లినక్స్ పేరు మీదకు వెళ్లి 'ఇ' (e) అక్షరం నొక్కండి. కొన్ని లైన్లు తెరుచుకుంటాయి. వాటిలో 'లినక్స్' అనే పదంతో మొదలయ్యే లైన్ ఒకటి ఉంటుంది. అది పొడవైనది, తెర అంచు దగ్గర విరిగి కింది వరుసలోకి దిగుతుంది కాబట్టి రెండు లైన్లని పొరబడకండి. దాని చివర్లోనే ఆ రెండు పదాలుంటాయి. చెరిపేసి కంట్రోల్-ఎక్స్ గానీ ఎఫ్10 గానీ నొక్కండి. ఈ మార్పు ఈ ఒక్క బూట్‌కే పరిమితం, డిస్క్‌లో ఏదీ మారదు. కాబట్టి భయం లేకుండా ప్రయోగాలు చేయొచ్చు.

ఇప్పుడు అక్షరాలు పరుగెడతాయి. ఎక్కడ ఆగాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

గ్రాఫిక్స్ డ్రైవర్ ప్రస్తావన వచ్చాక తెర గడ్డకట్టినా, నల్లబడినా మళ్లీ అదే లైన్‌కి వెళ్లి చివర 'నోమోడ్‌సెట్' (nomodeset) అని చేర్చండి. డెస్క్‌టాప్ వస్తే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌దే. ఇది తాత్కాలిక ఊతం మాత్రమే. లోపలికి వెళ్లగానే సరైన డ్రైవర్ వేసుకోవాలి.

ఇంకో రకం ఉంది. ఏదో డిస్క్ కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక లైన్ వచ్చి, పక్కన సెకన్లు లెక్కపెడుతుంది. నిమిషంన్నర గడిచాక ఎమర్జెన్సీ మోడ్ అంటుంది. నాకూ ఇదే జరిగింది. ఇన్‌స్టాల్ అయ్యాక ఫైళ్లు దాచుకునే పార్టిషన్‌ని మళ్లీ ఫార్మాట్ చేశాను. దాంతో దాని యూయూఐడి, అంటే ప్రతి పార్టిషన్‌కీ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్, మారిపోయింది. బూట్‌లో ఏ పార్టిషన్లను జతచేయాలో రాసి ఉండే ఈటీసీ ఫోల్డర్‌లోని 'ఎఫ్‌స్టాబ్' (/etc/fstab) ఫైల్ మాత్రం పాత నంబర్‌నే పట్టుకుని ఉంది. లేని పార్టిషన్ కోసం సిస్టమ్‌డీ (బూట్‌లో మిగతా పనులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) 90 సెకన్లు వెతికి చేతులెత్తేసింది.

ఇలాంటప్పుడు ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. దారి ఇవ్వకపోతే లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి ఇన్‌స్టాల్ చేసిన పార్టిషన్‌ని మౌంట్ చేయండి, అంటే ఫైళ్లు తెరుచుకునేలా జతచేయండి. టెర్మినల్‌లో బి-ఎల్-కె-ఐ-డి (blkid) అని కొడితే అన్ని పార్టిషన్ల యూయూఐడిలూ కనబడతాయి. ఎఫ్‌స్టాబ్‌లోని నంబర్లతో ఒక్కొక్క అక్షరం పోల్చి చూడండి. కలవనిది దొరికితే దాన్ని సరిచేయండి, లేదా సిస్టమ్ ఆ లైన్‌ని పట్టించుకోకుండా దాని మొదట్లో హ్యాష్ గుర్తు (#) పెట్టండి. బూట్‌కి అవసరం లేని పార్టిషన్లకు ఎఫ్‌స్టాబ్ లైన్‌లోని ఆప్షన్లలో 'నోఫెయిల్' (nofail) చేరిస్తే, అవి దొరక్కపోయినా సిస్టమ్ ముందుకు సాగుతుంది.

వచ్చే పాఠానికి ముందు బాగా నడుస్తున్న సిస్టమ్‌లోనే ఒకసారి 'క్వైట్' తీసేసి బూట్ చేయండి. మామూలుగా ఏయే మాటలు వస్తాయో కళ్లకు అలవాటవ్వాలి. ఆ తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు డిస్క్ దొరికేదాకా మెమరీలో నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయే సిస్టమ్‌ల సంగతి చూద్దాం.