ఇనుముకు రంగు – మూడవ పాఠం: స్నానాల గది కిటికీ

గత రెండు పాఠాలలో తుప్పు ఎందుకు పడుతుందో, దాన్ని గీకడానికి ఏ పనిముట్లు కావాలో తెలుసుకున్నాము. ఇప్పుడు ఇంట్లో రంగు అన్నింటికన్నా ముందు ఊడే చోటికి, అంటే స్నానాల గది కిటికీ ఊచల దగ్గరికి వద్దాము. వరండా గ్రిల్లుకు వేసిన డబ్బాలోని రంగునే దీనికీ వేస్తాము. అక్కడ ఏళ్ళ తరబడి నిలిచిన రంగు ఇక్కడ మాత్రం త్వరలోనే పొలుసులుగా లేస్తుంది. వేడినీళ్ళ ఆవిరి లోపలి నుంచి, సముద్రపు గాలి బయటి నుంచి ఒకే ఊచను తాకుతుండడమే దీనికి మొదటి కారణం. రెండవ కారణం మన చేతుల్లోనే ఉన్నది.

నెల్లూరు తీరంలోని మైపాడులో మా అక్క వాళ్ళ ఇంటి కిటికీకి కొన్నేళ్ళ కిందట నేనే రంగు వేశాను. తుప్పు శ్రద్ధగా గీకి, పొడి పోవడానికి పెరట్లోని బోరు నీళ్ళతో కడిగి, ఆరిన తరువాత ఒక పూత ప్రైమరు, అంటే అడుగున వేసే రంగు, దాని మీద రెండు పూతల ఎనామిల్ వేశాను. వానలు వెళ్ళి సంక్రాంతికి మళ్ళీ ఆ ఇంటికి పోయేసరికి ఊచల నిండా కందిగింజంత బొబ్బలు లేచి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చిదిపితే నీటిబొట్టు బయటికి జారింది. ఆ బొట్టు తుడిస్తే కింద ఎర్రని కొత్త తుప్పు కనిపించింది. రంగు పైన ఎక్కడా పగులు లేదు. మరి నీళ్ళు లోపలికి ఎలా చేరాయి?

ఆరిన రంగు పొర మన కంటికి గట్టిగా కనిపించినా, నీటి ఆవిరి దానిగుండా మెల్లగా సాగిపోగలదు. పొర కింద ఉప్పు లేకపోతే ఆ ఆవిరి వల్ల పెద్ద నష్టం ఉండదు. ఉప్పు ఉంటే మాత్రం అది తేమను తన వైపు లాక్కుని, అక్కడే నీరుగా నిలుపుకుంటుంది. ఆ నీటిలో ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా రెండింతల నుంచి ఆరింతల వరకు చోటు ఆక్రమిస్తుంది కనుక, పై పొరను కింద నుంచి నెట్టి లేపుతుంది. ఆ ఇంటి బోరు నీళ్ళు ఉప్పన. శుభ్రం చేస్తున్నాననుకుంటూ ఇనుముకు ఉప్పు పూసి, దాని మీద రంగు వేసి మూసేశాను.

అందువల్ల ఈ పాఠంలో ముఖ్యమైన పని కడగడమే. పాత రంగు లేచినంత మేర తీగల బ్రష్షుతోనూ, తరువాత 80వ నంబరు ఎమరీ కాగితంతోనూ మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్దండి. గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగును తీయనక్కరలేదు, దాని అంచులను మాత్రం 180వ నంబరు కాగితంతో చేతికి తగలనంత నునుపు చేయండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు కనుక ఆ పొడి పీల్చకండి. మూతికి మాస్కు కట్టుకుని, తడి చేసి రుద్ది, పిల్లలను ఆ గదికి దూరంగా ఉంచండి. సబ్బు జిడ్డు పోవడానికి గిన్నెలు తోమే ద్రావణం కొద్దిగా కలిపిన నీళ్ళతో ఒకసారి, తరువాత తాగే మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. రెండు బిందెలు చాలు, ఆ రెండు బిందెలకు పిసినారితనం చూపవద్దు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఊచలు అడ్డపట్టీలో దూరే రంధ్రాల దగ్గర గుడ్డ కొసను మెలిపెట్టి లోపలికి దూర్చి తేమను లాగండి. కంటికి ఆనని తడి ఆగేది అక్కడే.

రుద్దిన ఇనుమును రేపటిదాకా వదిలిపెట్టకూడదు. తీరపు గాలిలో కొన్ని గంటలలోనే దాని మీద పలుచని పసుపు ఛాయ వస్తుంది, అది తుప్పుకు మొదలు. తెల్లవారుజామున మంచు కురిసే నెలల్లో తొమ్మిది దాటిన తరువాతే పని మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి వీచడం మొదలుకాకముందే ప్రైమరు పూత ముగించుకోండి. మన జిల్లాల్లో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి అనువైనవి.

ప్రైమరుగా రెడ్ ఆక్సైడ్ సరిపోతుంది, జింక్ ఫాస్ఫేట్ దొరికితే ఇంకా మేలు. ముందుగా పట్టీల అంచులకు, వెల్డింగు అతుకులకు, ఊచలు దూరే రంధ్రాలకు చిన్న బ్రష్షుతో విడిగా ఒక పూత వేయండి; తడి రంగు పదునైన అంచు నుంచి వెనక్కు జరుగుతుంది కాబట్టి అక్కడ పొర ఎప్పుడూ పలుచనే. అది ఆరాక మొత్తానికి పూయండి. గుంటలున్నాయని గోడ లప్పం పెట్టవద్దు, అది నీళ్ళు పీల్చి పట్టి ఉంచుతుంది. ప్రైమరు ఒక్కటే నీళ్ళను ఆపలేదు. దాన్ని వారాల తరబడి అలాగే వదిలేయడం మన మేస్త్రీలలో తరచూ చూసే పొరపాటు.

మరునాడు 320వ నంబరు కాగితంతో తేలికగా రుద్ది, తుడిచి, ఎనామిల్ రెండు పలుచని పూతలు వేయండి, రెండింటికీ మధ్య ఒక రాత్రి గడవనివ్వండి. మందంగా ఒకే పూత వేస్తే పైన మీగడ కట్టి, లోపల పచ్చిగా ఉండి, ముడతలు పడుతుంది. ముట్టుకుంటే అంటుకోనంత మాత్రాన రంగు గట్టిపడినట్టు కాదు, అందుకు వారం పడుతుంది. ఆ వారం రోజులూ ఆ గదిలో వేడినీళ్ళ స్నానం మానుకోండి.

వచ్చే పాఠంలో స్నానాల గది ఇనుప తలుపు అడుగుభాగం సంగతి చూద్దాము. అప్పటికి మీ తలుపు కింది అంచును అద్దం పెట్టి పరిశీలించి, రంగు ఎంత ఎత్తు వరకు లేచిందో స్కేలుతో కొలిచి రాసి ఉంచుకోండి.