విండోస్ 10 నుంచి 11కి మారే ముందు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంట్లో పీసీని 11కి మార్చబోతుంటే ముందు ఇవి చూసుకోండి.

• ఫోటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డీ డ్రైవ్‌లో పెడితే బ్యాకప్ కాదు, చాలా పీసీల్లో అది కూడా అదే డిస్క్‌లో ఒక భాగం. రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసి, డిస్క్ తీసి పక్కన పెట్టండి.

• బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి. బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే పీసీ సెట్టింగ్‌లు) 11కి కావాల్సిన టీపీఎం (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలయ్యేలా చూసేది) మార్చాక నీలం తెర మీద అదే అడగొచ్చు. కీ లేకపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఫోన్‌లో ముందే చూడండి.

• టీపీఎం 2.0 లేదని చూపిస్తే కంగారుపడి కొత్త పీసీ కొనకండి. చాలాసార్లు బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది, అంతే.

• ఇంకా పాత హార్డ్ డిస్కే ఉందా? ముందు ఎస్‌ఎస్‌డీ (దానికంటే చాలా వేగమైన డిస్క్) వేయించండి. లేదంటే 11 నత్తనడకే.

• యాంటీవైరస్ ఆపమనే విండోస్ క్రాక్ (దొంగ) కాపీలు వద్దే వద్దు. పాస్‌వర్డ్‌లు దోచుకునే ప్రోగ్రామ్‌లు తరచూ వాటితోనే దూరతాయి.

• మారాక 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లొచ్చు. అప్పటిదాకా పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ (Windows.old) ఫోల్డర్ తీసేయకండి. ప్రింటర్, స్కానర్ ఆలోపే పరీక్షించండి.