చర్మం మండకుండా రెటినాల్ మొదలుపెట్టడం ఎలా?

ముఖానికి రాసుకునే క్రీముల్లో వాడే రెటినాల్, విటమిన్-ఎ రూపాల్లో ఒకటి. చర్మంలోకి ఇంకాక అది మొదట రెటినాల్డిహైడ్‌గా, ఆపై రెటినాయిక్ ఆమ్లంగా మారి, పాత కణాలు రాలి కొత్తవి పైకి వచ్చే వేగాన్ని పెంచుతుంది, చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్ అయిన కొల్లాజెన్ తయారీకి ఊతమిస్తుంది. సన్నని ముడతలు, మచ్చలు, మొటిమలు తగ్గేది ఇందువల్లే. తొలి వారాల్లో చర్మం పొడిబారి పొట్టు లేచేదీ ఇందువల్లే. అందుకే ఎంత గాఢత ఉన్నది కొన్నారన్న దానికన్నా, చర్మానికి అలవాటు పడే వ్యవధి ఇచ్చారా లేదా అన్నదే ముఖ్యం.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రెటినాల్ జోలికి వెళ్లకూడదు. పాలిచ్చే తల్లులు, ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టడం), రోజేషియా (ముఖం తరచూ ఎర్రబారడం) వంటి సమస్యలు ఉన్నవారు, మొటిమలకు ఇప్పటికే మందులు వాడుతున్నవారు ముందుగా చర్మవైద్యుల సలహా తీసుకోవాలి.

మొదటిసారి వాడేవారికి 0.1 నుంచి 0.3 శాతం గాఢత సరిపోతుంది. ముఖానికి రాసుకునే ఉత్పత్తుల్లో రెటినాల్ 0.3 శాతం దాటకూడదని యూరోపియన్ యూనియన్ 2024లో నిబంధన తెచ్చింది కూడా. వెలుతురు, గాలి తగిలితే రెటినాల్ చెడిపోతుంది కాబట్టి, వెడల్పు మూతి డబ్బా కన్నా లోపలిది కనిపించని ట్యూబు లేదా పంపు సీసా మేలు. కొన్న వెంటనే ముఖానికి రాయకుండా, చెవి వెనక చిన్న చోట మూడు నాలుగు రాత్రులు రాసి చూడండి.

రాసుకునే తీరులోనే సగం ఇబ్బంది తప్పుతుంది. రాత్రిపూట నురగ తక్కువగా వచ్చే సున్నితమైన క్లెన్సర్‌తో ముఖం కడుక్కుని, మెత్తగా అద్దుకుని, తడి పూర్తిగా ఆరేదాకా ఇరవై నిమిషాలు ఆగాలి. తడి చర్మం మీద రెటినాల్ లోతుగా ఇంకి మంట పుట్టించవచ్చు. కనురెప్పలకు, ముక్కు పక్క మడతలకు, పెదాల మూలలకు ముందే కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి, ఎందుకంటే అన్నిటికన్నా ముందు చర్మం చిట్లేది అక్కడే. తరువాత బఠాణీ గింజంత రెటినాల్ తీసుకుని, నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పలుచగా పరచాలి. ముఖమంతటికీ ఆ కొంచెమే చాలు. ఎక్కువ రాస్తే ఫలితం త్వరగా రాదు, మంట మాత్రం త్వరగా వస్తుంది. పైన మాయిశ్చరైజర్ రాయాలి. సున్నితమైన చర్మం గలవారు రెటినాల్‌కు ముందు ఒక పూత, తరువాత ఒక పూత మాయిశ్చరైజర్ వేసుకోవచ్చు. రెటినాల్ పని కాస్త నెమ్మదిస్తుంది కానీ, మానేయడం కంటే అది ఎంతో నయం.

మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులే, వాటి మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉంచి వాడండి. చర్మానికి ఇబ్బంది లేకపోతే వారంలో మూడో రాత్రి చేర్చండి. మరో రెండు మూడు వారాలు గడిచాక రోజు విడిచి రోజుకు వెళ్లండి. రోజూ వాడి తీరాలన్న నియమమేమీ లేదు, చాలామంది చర్మానికి రోజు విడిచి రోజే సరిపోతుంది. గాఢత పెంచడం, వాడే రాత్రులు పెంచడం ఒకేసారి చేయకూడదు.

రెటినాల్ రాసే రాత్రి గ్లైకాలిక్, సాలిసిలిక్ వంటి ఆమ్లాలు, మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్, స్క్రబ్బులు వద్దు. ముఖానికి వ్యాక్సింగ్ చేయించుకునే ముందు వారం రోజులు రెటినాల్ ఆపాలి, లేకపోతే పైపొర ఊడివచ్చే ప్రమాదం ఉంది. పగలు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ స్థాయి) 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఇది వీలుకాని వారు రెటినాల్ మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కొద్దిపాటి పొడితనం, అక్కడక్కడా సన్నని పొట్టు మామూలే. మొటిమలు వచ్చే చోటే మరికొన్ని లేచి కొన్ని వారాల్లో సర్దుకుంటే కంగారు పడనక్కర్లేదు. మాయిశ్చరైజర్ రాసినా చురచురమంటే, ఎరుపు తెల్లారినా తగ్గకపోతే, వెంటనే ఆపేసి క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్‌లతోనే సరిపెట్టుకోవాలి. చర్మం పూర్తిగా కుదుటపడ్డాక వారానికి ఒక్క రాత్రితో మళ్లీ మొదలుపెట్టవచ్చు. వాపు, నీటిపొక్కులు, రసి కనిపిస్తే మాత్రం మళ్లీ రాయకుండా వైద్యులకు చూపించుకోండి. ఫలితం గురించి అంచనాకు రావడానికి కనీసం 12 వారాలు పడుతుంది. ముడతల విషయంలో ఇంకా ఎక్కువ కాలమే పడుతుంది.